పక్కన పెట్టని మూడు బొమ్మలు

ఆ విభాగంలో ఒక పద్ధతి ఉంది. మెదడు కణితుల ఆపరేషన్లలో రెండేళ్ల ఫెలోషిప్ చేసేవాళ్లకి ఆఖరి నెల వచ్చిందంటే, విభాగాన్ని నడిపించే సర్జన్, వాళ్ల మాటల్లో పెద్దాయన, అందరిలాగే చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, గ్లోవ్స్ తొడుక్కుని, తీరా వెళ్లి మూలనున్న స్టూలు మీద కూర్చుంటాడు. రెండు చేతులూ గుండెకి ఆనించుకుని తెర మీదకే చూస్తూ ఉంటాడు. సాయానికి రాడు. ఏమైనా అడిగితే ఒకటే మాట: "ఆగాలో వద్దో నువ్వే చెప్పు." పుర్రె తెరవడం, కణితి తీయడం చెయ్యి తిరిగిన ఎవరికైనా వస్తుందనీ, ఎక్కడ ఆగాలో తెలియడానికే ఈ రెండేళ్లనీ ఆయన నమ్మకం. ఆ స్టూలు మీంచి ఆయన తృప్తిగా లేచిన రోజున ఒక ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం చేతికొస్తే తప్ప ఎవరూ సొంతంగా ఈ ఆపరేషన్లు చేయడానికి లేదు.

ఫెలో మేడంకి ఆఖరి నెల వచ్చింది. వార్డులో ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. ముప్పై ఎనిమిదేళ్లు. డాక్టరు చదువు, దాని మీద సర్జరీ, దాని మీద మెదడు సర్జరీ, దాని మీద ఇది. "ఇంకెన్ని మెట్లున్నాయమ్మా, పైన దేవుడేమైనా కనిపిస్తున్నాడా?" అని మామగారు ఎగతాళి చేస్తూ ఉంటాడు. భర్త రైల్లో ఆరు గంటల దూరంలోని ఊళ్లో కాలేజీ లెక్చరరు. ఎనిమిదేళ్ల కూతురు ఆయన దగ్గరే ఉంటోంది. ఈమె ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుంది. రేపో మాపో ఖాళీ చేసేదే కదా అని రెండేళ్లలో ఆ గది గోడకి ఒక మేకు కూడా కొట్టలేదు. అక్కడ, వాళ్ల ఊళ్లో, ఒక ఆసుపత్రి ఆమె కోసం ఉద్యోగం అట్టేపెట్టి ఉంచింది. ఒకటో తారీకున చేరాలి, ఉత్తరంతో సహా.

ఆ నెలలో ఆమెకి అప్పగించిన కేసు ఒక బస్సు కండక్టరు. నలభై నాలుగేళ్లవాడు. నోటితో బతికే మనిషి. ఇరవై ఏళ్లుగా స్టాపుల పేర్లు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది కానీ మాటకి మాత్రం ఎన్నడూ కరువు లేదు. నాలుగు నెలల కింద ఒకరోజు స్టాపు పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మర్నాడు ఫిట్స్ వచ్చాయి. స్కాన్ తీస్తే ఎడమ పక్కన, మాటలు పుట్టే చోటికి ఆనుకుని కణితి ఉంది. నెమ్మదిగా పెరిగే రకం. ఎంత ఎక్కువ తీస్తే అన్ని ఏళ్లు కలిసొస్తాయి, వెంట్రుకవాసి ఎక్కువ తీస్తే మాట పోతుంది. అందుకని మనిషిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ తీయాలి. ఈ సంగతి విడమరిచి చెప్పినప్పుడు పక్కనున్న భార్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. కండక్టరు మాత్రం, "మా డిపో మేనేజరూ ఇంతేనమ్మా, జీతం కోస్తూ నవ్వుతూ మాట్లాడమంటాడు" అన్నాడు.

ఆపరేషన్‌కి ముందురోజు బొమ్మల పరీక్ష ఉంటుంది. అట్టముక్కల మీద ఎనభై బొమ్మలు, వెనకవైపు పేర్లు. ఒక్కొక్కటీ చూపిస్తుంటే రోగి "ఇది గొడుగు", "ఇది నిచ్చెన" అని చెప్పుకుంటూ పోవాలి. చెప్పలేనివాటిని కట్టలోంచి తీసి పక్కన పెట్టేయాలి. మనిషికి ముందే తెలియని బొమ్మని రేపు మెదడు మీద, తగిలిన చోటుని ఒక్క క్షణం మొద్దుబార్చే కరెంటు పుల్ల ఆనించి అడిగారనుకోండి, తెలియక ఆగాడో కరెంటు తగిలి ఆగాడో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మామూలుగా ఇది స్పీచ్ థెరపిస్టు పని. ఆవిడ పిల్లాడికి జ్వరమని సెలవు పెట్టింది.

కాబట్టి ఫెలో మేడమే చేసింది. అప్పటికి ముందురోజు పొద్దుటి నుంచీ డ్యూటీలోనే ఉంది. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని మంచం పక్కన నిలబడే బొమ్మలు చూపించింది. కండక్టరు స్టాపులు చెప్పినంత జోరుగా చెప్పేశాడు. మూడే మూడు దగ్గర ఆగాడు. లంగరు బొమ్మ చూసి, "కొక్కెమా? కాదేమో. మాది నీళ్లున్న ఊరు కాదమ్మా" అన్నాడు. ఇసుక గడియారం చూసి రెండు గ్లాసులు బోర్లించారన్నాడు. ఇంటి కప్పు మీద గాలి దిక్కు చూపే రేకు కోడిని చూసి, "కోడి. అంత ఎత్తుకెక్కి ఏం చేస్తోంది, టికెట్ తీసుకుందా?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. ఆ మూడింటినీ చివర్లో ఒక్కసారే తీసేద్దామని కట్ట అడుక్కి తోసింది. ఎనభయ్యోది అయిందో లేదో ఫోను మోగింది. ఆరో నంబరు మంచం పేషెంటుకి ఫిట్స్. కట్టకి రబ్బరుబ్యాండు వేసి, థియేటర్‌కి వెళ్లే ట్రేలో పెట్టి పరిగెత్తింది.

మళ్లీ ఆ కట్ట సంగతి ఆమెకి గుర్తు రాలేదు.

మర్నాడు ఆపరేషన్ బాగా నడిచింది. ఇలాంటి ఆపరేషన్లో రోగి తలకీ ముఖానికీ మధ్య ఆకుపచ్చ బట్టతో గోడలా కడతారు. ఇటుపక్క సర్జన్‌కి అరచేతి మేర మెదడు తప్ప ఏమీ కనిపించదు. అటుపక్క నర్సు కూర్చుని బొమ్మలు చూపిస్తూ, వెనక పేరు చూసుకుని "సరి" అనో "తప్పు" అనో చెబుతూ ఉంటుంది. ఒక చోట కరెంటు ఆనించి మూడు బొమ్మలు అడగాలి. రెండు తప్పితే అక్కడ మాట ఉన్నట్టు లెక్క, ఇక ఆ చోటు ముట్టుకోకూడదు. ప్రతి రెండింటి మధ్యా కరెంటు లేకుండా ఒక బొమ్మ అడిగి, మనిషి మామూలుగానే ఉన్నాడా అని చూసుకోవాలి. ఆమె రెండున్నర గంటలపాటు ఒక్కటీ తప్పకుండా అలాగే చేసింది. కణితి దాదాపు మొత్తం వచ్చేసింది. వెనక అడుగున కొంచెం మిగిలింది.

అప్పటికి కండక్టరు గొంతు నీరసించింది. ఇంకా ఎంతసేపని రెండుసార్లు అడిగాడు. నర్సు చేతిలోని కట్ట కూడా అడుగుకి వచ్చింది.

ఆమె కరెంటు పుల్ల ఆనించింది. "ఇది..." అన్నాడు కండక్టరు. ఆపైన మాట రాలేదు. "తప్పు" అంది నర్సు. మధ్యలో కరెంటు లేకుండా ఒక ఉత్త బొమ్మ అడగాలి. మనిషి అలసిపోయాడు, పాపం, ఎందుకింకా అనుకుంది ఆమె. వెంటనే మళ్లీ ఆనించింది. "ఇది..." అని ఒక నిట్టూర్పు. "తప్పు." మూడోసారి ఏదో గొణిగాడు. "తప్పు మేడం." ఏమన్నాడని ఆమె అడగలేదు. మూడుకి మూడూ పోయాక ఇక అడగడానికేముంది? ఇక్కడ ఆగుతున్నానని చెప్పింది. మూల నుంచి స్టూలు కదిలిన చప్పుడు వినిపించింది. పెద్దాయన లేచి, "సరే" అన్నాడు. రెండేళ్లలో ఆయన నోటి వెంట ఆ మాట ఆమె విన్నది నాలుగోసారో అయిదోసారో.

మర్నాటి స్కాన్‌లో శనగగింజంత తెల్ల మచ్చ కనిపించింది. మాట కోసం వదిలేశావు, వదలడం చాలామందికి చేతకాదని పెద్దాయన మెచ్చుకున్నాడు. సోమవారం ఉత్తరం పంపిస్తానన్నాడు. ఆమె రిపోర్టు రాసింది: వెనక అడుగు భాగంలో మాట ఉంది, తాకరాదు. సాయంత్రం భర్తకి ఫోను చేస్తే, అమ్మ బట్టల కోసం కూతురు అలమరలో ఒక అర ఖాళీ చేసిందనీ, తన పుస్తకాలన్నీ మంచం కిందకి వలస పోయాయనీ చెప్పాడు. "నీకేం, రాణివి. ఇంట్లో చోటు లేనిది నాకే" అన్నాడు. ఆ రాత్రి ఆమె బట్టలు కూడా మార్చుకోకుండా ఒళ్లెరగని నిద్రపోయింది.

శనివారం పొద్దున కట్టు మార్చడానికి వెళ్లేసరికి కండక్టరు మంచి హుషారు మీద ఉన్నాడు. పక్క మంచం అతను ఈయన కబుర్లు భరించలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఒకటడుగుతాను, నవ్వకూడదు" అన్నాడు కండక్టరు. "ఆఖర్లో మళ్లీ ఆ మూడే ఎందుకు పెట్టించారమ్మా? ముందురోజు నాకు రానివి?"

ఆమె చేతిలో గాజుగుడ్డ ఆగింది. "ఏ మూడు?"

"అదేనమ్మా, ఆ కొక్కెం, గ్లాసులు, కోడి. మొదటి రెంటికీ సిగ్గేసి నోరు మూసుకున్నాను. మూడోది కోడే అన్నాను. తప్పని తెలుసు. రానివే మళ్లీ మళ్లీ అడిగితే ఎవడు మాత్రం ఏం చెప్తాడు?"

ఆమె కట్టు కట్టడం పూర్తిచేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తర్వాత థియేటర్‌కి వెళ్లి నర్సు రాసిన కాగితం తీసి చూసింది. చివరి మూడు వరసలూ అవే. లంగరు, ఇసుక గడియారం, గాలికోడి. చెప్పులు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుండిపోయింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కండక్టరుకి కూడా అది ఒక చిన్న చమత్కారం, అంతే. కానీ రిపోర్టు ఉంది. రేపు అతను ఏ ఊరు వెళ్లినా, ఆ గింజ పెరిగి పెద్దదై ఎంత పెద్ద సర్జన్ దగ్గరికి వెళ్లినా, ఆ కాగితం అతని కంటే ముందు వెళుతుంది. మాట ఉంది, తాకరాదు. చదివిన ప్రతివాడూ నమ్మి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఉందో లేదో తెలియని చోట ఆమె ఒక్క వాక్యంతో గోడ కట్టేసింది. ఉత్తరం సోమవారం వెళుతుంది. ఇవాళ శనివారం.

గుండె ధైర్యం సంగతి తర్వాత, ముందు లేచి నాలుగు అడుగులు వేసే ఓపిక కావాలి. అది కూడగట్టుకోవడానికి మధ్యాహ్నం రెండయింది.

పెద్దాయన తన గదిలో బూట్లు విప్పేసి, కింది సొరుగు లాగి దాని మీద కాళ్లు పెట్టుకుని, చల్లారిన టీ తాగుతున్నాడు. ముందు కూర్చోమన్నాడు. ఆమె నీళ్లు నమలకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది.

"మధ్యలో ఉత్త బొమ్మ అడగలేదు నువ్వు."

"అడగలేదు సార్. అలసిపోయాడని..."

"చూశాను. చెప్పబోయి ఊరుకున్నాను. నా నడుం నొప్పి నాది. ఎప్పుడు లేద్దామా అని ఉంది నాక్కూడా." టీ కప్పు బల్ల మీద పెట్టాడు. "ఉత్తరం సోమవారం వెళ్లదు."

"తెలుసు సార్."

"మూడు నెలలు. తర్వాత చూద్దాం." కాలితో బల్ల కింద బూటు వెతుక్కుంటూ అన్నాడు, "పద, వాళ్లకి చెబుదాం. నువ్వే చెప్పాలి. నేను పక్కన నిలబడతాను."

కండక్టరు భార్య ఒక బడిలో గుమస్తా. ఎదుటివాళ్లు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. పెద్దాయన వేళ కాని వేళ రావడం చూడగానే చేతిలో పని పక్కన పెట్టి లేచి నిలబడింది. ఫెలో మేడం చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్లు తిప్పలేదు. కండక్టరు మొదటిసారి నోరు మెదపకుండా విన్నాడు.

"అంటే పొరపాటు మీది" అంది భార్య.

"నాదేనండి."

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు? ఈ రెండు రోజులే మేం కంటినిండా నిద్రపోయింది."

ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆయన మాట సాయానికి కూడా రాలేదు. కానీ పక్కనుంచి కదల్లేదు.

"నేను రాసింది అందరూ నమ్ముతారండి" అంది చివరికి. "అక్కడ ఇక ఎవరూ చెయ్యి పెట్టరు. తీయగలిగినదైనా తీయరు."

ఆ తర్వాత పెద్దాయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అయిదారు రోజుల్లో అదే దారిన మళ్లీ తెరవచ్చు. మొత్తం రావచ్చు, సగమే రావచ్చు, నిజంగానే అక్కడ మాట ఉండి అసలేమీ తీయలేకనూ పోవచ్చు. వద్దనుకుంటే స్కాన్లు తీస్తూ కనిపెట్టుకుని ఉండవచ్చు. ఇప్పటికిప్పుడు ముంచుకొచ్చే ముప్పు లేదు. ఆలోచించుకోండి అని చెప్పి ఇద్దరూ బయటికి వచ్చారు. వరండాలో ఆయన ఆమె అడుగుకి అడుగు కలిపి నడిచాడు. ఆ పూటకి అదే చాలనిపించింది.

మర్నాడు కండక్టరు కబురు పెట్టాడు. భార్య కిటికీ దగ్గర వీపు చూపిస్తూ నిలబడి ఉంది.

"మేమిద్దరం మాట్లాడుకున్నాం. అంటే ఆవిడ మాట్లాడింది, నేను విన్నాను" అన్నాడు. "చేయించుకుంటానమ్మా. కానీ ఈసారి కోసేది పెద్దాయన కోయాలి. ఏమీ అనుకోకండి."

"అనుకోను."

"మీరు నా ముఖం దగ్గర కూర్చోండి. నాకేది వచ్చో ఏది రాదో మీకే కదా తెలిసింది. ఆ నర్సమ్మకేం తెలుసు, పాపం."

దెబ్బ కొట్టిన చేత్తోనే మందు కూడా రాశాడు. ఏది ముందు పట్టించుకోవాలో తెలియక ఆమె తలూపి వచ్చేసింది.

సోమవారం తమ ఊళ్లోని ఆసుపత్రికి ఫోను చేసి సంగతి చెప్పింది. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. మూడు నెలలు ఆగలేమని కూడా అంతే మర్యాదగా చెప్పారు. తర్వాత భర్తకి చెప్పింది. పాపకి నేను చెబుతాలే అన్నాడు. తర్వాత, పొద్దున్నుంచీ ఏం తిన్నావని అడిగాడు. ఆమెకి గుర్తు రాలేదు. ముందు ఫోను పెట్టేసి ఏదైనా తిను, ఉద్యోగాలెక్కడికీ పోవు అన్నాడు. అవి పోతాయని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట వినడానికి బాగుంది.

బొమ్మల పరీక్ష ఈసారి రెండు రోజులు, రెండు పూటలా చేసింది. ఒక్క క్షణం తటపటాయించిన బొమ్మని కూడా తీసి పక్కన పెట్టేసింది. కట్టలో అరవై మిగిలాయి.

గురువారం పొద్దున ఆమె ఆకుపచ్చ బట్టకి అటుపక్క కూర్చుంది. రెండేళ్లలో ఇన్ని ఆపరేషన్లు చేసింది కానీ ఆ పక్క ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. గుడ్డ కింద చిన్న గుడారంలా ఉంది. నుదుటి మీద చెమట, ఎండిపోయిన పెదవులు, కదలకుండా బిగించిన తల. ఆ తలలో కళ్లు మాత్రమే ఆమెని వెతుక్కున్నాయి. తడి దూదితో ఆమె పెదవులు తుడిచింది. "టికెట్ తీసుకున్నారా?" అన్నాడతను మెల్లగా.

పైన పెద్దాయన పని మొదలైంది. ఇది నిచ్చెన. ఇది తాళంచెవి. ఇది పడవ. గుడ్డకి అవతల నుంచి ఆయన ఎప్పటికప్పుడు "ఎలా ఉంది?" అంటున్నాడు. ఆమె బాగుందంటోంది. అలా అరగంట. గింజ చాలావరకు వచ్చేసిందని ఆయన చెప్పాడు. ఆమె గొడుగు బొమ్మ ఎత్తింది.

"ఇది..." అన్నాడు కండక్టరు.

ఇది సిగ్గు కాదు. అలసట కాదు. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేసి, అది దొరకని మనిషిలా అతని కళ్లు ఒక్కసారి విచ్చుకున్నాయి.

"ఆగండి సార్."

పైన చప్పుడు ఆగిపోయింది. ఆమె కరెంటు తీసేయమని చెప్పి, అతని చెయ్యి పట్టుకుని, మళ్లీ చూపించింది. "ఇది గొడుగు" అన్నాడు, ఇంత చిన్న మాటా అన్నట్టు. మరోసారి కరెంటుతో. మాట రాలేదు. మధ్యలో ఒక ఉత్త బొమ్మ. ఇది తాళంచెవి. మళ్లీ కరెంటుతో. రాలేదు.

"ఇక్కడ మాట ఉంది సార్" అంది.

"సరే" అన్నాడు పెద్దాయన. ఎంత మిగిలిందని అడిగితే, నువ్వుగింజంత అన్నాడు.

కుట్లు వేయడం పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. బయట హాల్లో కండక్టరు భార్య బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఫెలో మేడం ఎదురుగా నిలబడి జరిగింది చెప్పింది. మాట్లాడుతున్నాడని, నువ్వుగింజంత మిగిలిందని, అక్కడ నిజంగానే మాట ఉందని.

"ఈసారి ఖాయమేనా?" అంది ఆవిడ.

"ఆయన ముఖం చూస్తూ ఉన్నానండి."

ఆవిడ చాలాసేపు ఆమెని ఎగాదిగా చూసింది. తర్వాత పక్కనున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "కూర్చోండి కాసేపు. నిలబడలేకపోతున్నారు" అంది.

పనుంది, వెళ్లాలంటూనే, ఒక్క నిమిషమని కూర్చుంది. ఆవిడ ఏదో చెప్పడం మొదలుపెట్టింది, పెళ్లయిన కొత్తలో ఆయన నిద్రలో కూడా స్టాపుల పేర్లు అరిచేవాడని. ఆ మాటలు దూరం నుంచి వస్తున్నట్టుగా ఉన్నాయి.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా గోడ గడియారం నలభై నిమిషాలు ముందుకెళ్లింది. తన తల ఆవిడ భుజం మీద ఉంది. ఆవిడ కదలకుండా కూర్చుని, తిమ్మిరెక్కిన పిక్కని చేత్తో నొక్కుకుంటోంది.

"లేపాల్సింది కదండీ" అంది ఫెలో మేడం, జుట్టు సర్దుకుంటూ.

"ఇందాక లోపలికి పిలిచారు నన్ను. కాసేపాగి వస్తానన్నాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడట. మాట్లాడనివ్వండి, నాకేం తొందర." ఆవిడ లేవబోయి, కాలు మొద్దుబారి మళ్లీ కూలబడింది.

ఫెలో మేడం చెయ్యి అందించింది. ఆవిడ ఆ చేతిని పట్టుకుని లేచింది. ఇద్దరూ మెల్లగా, ఒకరి బరువు ఒకరి మీద కాస్త వేసుకుని, లోపలికి నడిచారు.